పాత ఇంటి రద్దులో ఏది సరుకు, ఏది చెత్త?

ప్రశ్న: నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. మా మామగారి నాన్నగారు కట్టించిన పెంకుటిల్లు తీసేసి అదే జాగాలో ఇల్లు కట్టుకుందామనుకుంటున్నాం. వీధి వైపు భాగమంతా మట్టి అడుసుతో ఇటుక కట్టి పైన సున్నం పూసినది. అటూ ఇటూ ఇళ్ళతో ఉమ్మడి గోడలు. వెనక వంటిల్లు మాత్రం 1985 ప్రాంతంలో సిమెంటుతో కట్టి స్లాబు వేశారు. ఇంట్లో నాలుగు సాల్ దూలాలు, రెండు టేకు స్తంభాలు, ఎనిమిది తలుపులు, ఊచల కిటికీలు, కప్పు మీద బెంగుళూరు పెంకులు ఉన్నాయి. పెరట్లో స్నానాలగది మీద ఆస్‌బెస్టాస్ రేకులు.

పడగొట్టే ఆయన జేసీబీ పెట్టి రెండు రోజుల్లో నేలమట్టం చేస్తానని, సామానంతా తనే పట్టుకుపోయి మాకు ఎదురు నలభై వేలు ఇస్తానని అంటున్నాడు. మా తాపీ మేస్త్రీ "పాత ఇటుకతో కడితే గోడ నిలవదమ్మా" అంటాడు. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా మరిది, పాత ఇనుముతో సహా అన్నీ వాడాలని, అలా కడితే గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ కూడా వస్తుందని పట్టుబడుతున్నాడు. మామగారు గడప, వీధి తలుపు అమ్మితే ఒప్పుకోనంటున్నారు. పాతపట్నంలో ఇల్లు కట్టుకుంటున్న మా ఆడపడుచు రెండు దూలాలు ఇమ్మని అడిగింది. పిల్లలు చిన్నవాళ్ళు. ఎవరి మాట వినమంటారు?
ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం:

అమ్మా, జేసీబీ ఆయన దగ్గర ఇంకా బయానా పుచ్చుకోకపోతే పుచ్చుకోకండి. ఆయన లెక్క ఆయనకి బాగానే తెలుసు. స్తంభాలు, తలుపులు, దూలాలు ముందు మనుషుల చేత జాగ్రత్తగా ఊడదీయించుకుంటాడు, మిగిలినదాని మీద యంత్రం నడిపిస్తాడు. మీకిచ్చే నలభై వేలూ ఆ మొదట తీసిన సరుకులోంచే వస్తాయి. మీకు మిగిలేది ఖాళీ జాగా. ఆ తరవాత అదే ఇటుక, అదే కలప మళ్ళీ కొత్తగా కొనుక్కుంటారు.

మేస్త్రీ ఏదీ పనికిరాదంటున్నాడు, మరిది అన్నీ పనికొస్తాయంటున్నాడు. ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒకటే, పాతదంతా ఒకే గాటన కట్టేయడం. నేను చెప్పే పద్ధతి ఇది. పాత సరుకు మునుపు ఏ పని చేసిందో, దానికన్నా ఒక మెట్టు తేలిక పని దానికి అప్పజెప్పండి. కప్పు మోసిన ఇటుక అడ్డుగోడకి వస్తుంది, ఇల్లు మోసిన దూలం వరండాకో మెట్లకో వస్తుంది, పగిలిన కాంక్రీటు నేల కిందకి పోతుంది. ఇంకో మాట. ఇంజినీరు ప్లాను గీయక ముందే ఈ సరుకు లెక్క ఆయన చేతిలో ఉండాలి. ప్లాను అయిపోయాక పాత తలుపు పట్టుకొచ్చి "ఇది కూడా ఎక్కడో పెట్టండి" అంటే ఎక్కడా పట్టదు, చివరికి పెరట్లో ఎండకి ఎండి వానకి తడుస్తుంది.

ఇల్లు కట్టిన వరసకి ఎదురు వరసలో విప్పాలి. ముందు కరెంటు మీటరు దగ్గర తీయించండి. తరవాత పెంకులు, వాటి కింద రీపర్లు, వాసాలు, దూలాలు, ఆ తరవాత తలుపులు, కిటికీలు, ఆఖరున గోడలు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మట్టి అడుసు గోడకి నిలకడ ఇచ్చేది పైనున్న కప్పు బరువూ, అడ్డంగా పట్టి ఉన్న దూలాలూ. అవి తీసేశాక పొడుగాటి గోడ వట్టిగా నిలబడి ఉంటుంది. ఒక్క వాన పడితే, లేదా పక్కన గునపం దెబ్బ గట్టిగా తగిలితే ఒరిగిపోతుంది. దూలాలు దించిన వెంటనే గోడల్ని పైనుంచి వరసవరసగా దించేయాలి, వారం పది రోజులు అలా వదిలేయకూడదు. ఉమ్మడి గోడలు మీవి మాత్రమే కాదు. పక్కింటివాళ్ళ దూలాల కొసలు అందులోనే కూర్చుని ఉంటాయి. వాళ్ళని పిలిచి, ఇంజినీరు చేత చూపించి, గోడకి ఊతకర్రలు పెట్టించి, ఒప్పుకున్నది ఒక కాగితం మీద రాసుకున్నాకే ఆ గోడ జోలికి వెళ్ళండి. అసలు కదపకుండా వదిలి, మీ కొత్త గోడ లోపలికి వేరుగా కట్టుకోవడం చాలాసార్లు మేలు. ఆరంగుళాల జాగా పోతుంది, ఇరుగుపొరుగు దక్కుతారు.

ఇటుక సంగతి కాస్త ఎక్కువగా చెబుతాను. అందరి కళ్ళూ తలుపుల మీదే ఉంటాయి గానీ మీ ఇంటి బరువంతా ఇటుకలోనే ఉంది. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడకి ఒక సుగుణం, అడుసు ఇటుక కన్నా మెత్తగా ఉంటుంది. తాపీ అంచుతో తట్టితే పెచ్చులా ఊడిపోతుంది, ఇటుక నిండుగా చేతికొస్తుంది. సిమెంటు మాలు అలా కాదు. విడదీయబోతే మాలు బదులు ఇటుకే విరుగుతుంది. అందుకని వీధి వైపు ఇటుక మీకు దక్కుతుంది, వంటింటి ఇటుక దక్కదు. దాన్ని శుభ్రం చేయించడానికి పెట్టే కూలి దండగ.

వీధి వైపుదీ మొత్తం దక్కదు. నేల మట్టం నుంచి సుమారు మూడడుగుల ఎత్తు వరకు ఏళ్ళ తరబడి చెమ్మ ఎక్కుతూ ఉంటుంది. ఆ చెమ్మతో పాటు ఉప్పు ఎక్కుతుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు ఇటుకలోనే ఉండిపోతుంది. అలాంటి ఇటుక ముఖం బొటనవేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలుతుంది, అంచులు గుండ్రంగా అరిగి ఉంటాయి. వాటిని కొత్త గోడలో పెడితే రెండేళ్ళలో సున్నం పొరలుగా ఊడుతుంది, ఎన్ని రంగులు వేసినా తెల్లటి పొంగు ఆగదు. గోడ దించుతున్నప్పుడే ఆ కింది వరసల ఇటుకని వేరే కుప్ప పోయించండి. ఒకసారి కలిసిపోతే మళ్ళీ ఏరడం ఎవరి వల్లా కాదు.

మిగిలినవాటికి పరీక్షలు మీరే ఇంట్లో చేసుకోవచ్చు. రెండు ఇటుకలు ఒకదానికొకటి తాటిస్తే కంగుమని మోగాలి, మొద్దుగా పలికితే లోపల పగులుంది. గోరుతో గీస్తే గీత పడకూడదు. బాగా ఎండిన ఇటుక తూకం వేసి, ఇరవై నాలుగు గంటలు నీళ్ళలో ముంచి, తుడిచి మళ్ళీ తూచండి. మామూలు రకం ఇటుకకి భారతీయ ప్రమాణం ప్రకారం నూటికి 20 పాళ్ళ కన్నా నీరు పీల్చకూడదు. అంటే మూడు కిలోల ఇటుక తడిశాక 3 కిలోల 600 గ్రాములు దాటకూడదు. ఉప్పు తెలియాలంటే ఒక పాత పళ్ళెంలో అంగుళం లోతు నీళ్ళు పోసి ఇటుకని నిలువుగా నిలబెట్టి, నీరంతా ఆవిరైపోయే దాకా నీడలో వదిలేయండి. ఇటుక మీద బూజులా తెల్లగా దట్టంగా పేరుకుంటే అది గోడకి పనికిరాదు. గదికి నాలుగైదు చొప్పున ఎంచి ఇలా చూస్తే ఏ గది ఇటుక ఎలాంటిదో తెలిసిపోతుంది. గోడ మీద బరువు పెట్టే ఉద్దేశం ఉంటే మాత్రం ఇంటి పరీక్షలు చాలవు. కొన్ని ఇటుకలు సివిల్ ల్యాబు ఉన్న ఇంజినీరింగు కాలేజీకి తీసుకెళ్ళి నలుగుడు బలం, అంటే ఎంత బరువుకి ఇటుక నలుగుతుందో చూపించండి.

ఇక మీ మేస్త్రీ మాట. ఆయన అంటున్నది సగం నిజం. పాత ఇటుక కొలత ఇప్పటి బట్టీ ఇటుక కొలతకి సరిపోదు. రెండూ ఒకే గోడలో కలిపితే వరస తప్పుతుంది, సందుల్లో మాలు ఎక్కువ తక్కువలవుతుంది. దానికి మందు, ఒక గోడ మొత్తం పాతదానితో, ఇంకో గోడ మొత్తం కొత్తదానితో కట్టడమే. ఆయన పైకి చెప్పని సగం ఇంకోటుంది. మేస్త్రీ పని కొలత మీద ఒప్పుకుంటాడు. పాత ఇటుకతో పని నెమ్మదిగా సాగుతుంది, ఏరుకోవాలి, మూల తిప్పుకోవాలి, ఒక్కోటి చెక్కుకోవాలి. అదే ధరకి ఆ పని చేయమంటే ఎవరైనా "నిలవదమ్మా" అనే అంటారు. పాత ఇటుక గోడల వరకు రోజు కూలి మాట్లాడి చూడండి, గోడ నిలబడుతుంది.

పాత ఇటుక రంధ్రాల్లో మట్టి ధూళి కూరుకుని ఉంటుంది. గట్టి కుంచెతో రుద్ది కడిగి, కట్టే ముందు నానబెట్టాలి. లేకపోతే మాలులో నీళ్ళు ఇటుకే తాగేసి అతుకు చావదు బతకదు అన్నట్టుంటుంది. ఇటుక పాతది కదా అని మేస్త్రీ మాలులో సిమెంటు ఎక్కువ వేయబోతాడు, వద్దనండి. మాలు ఇటుక కన్నా గట్టిదైతే పగులు ఇటుకలోంచే పోతుంది. సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్ళు కలిపిన మాలు ఇలాంటి గోడలకి చక్కగా సరిపోతుంది. పైగా మీ మనవలు ఈ ఇల్లు విప్పుకోవలసి వస్తే వాళ్ళకీ ఇటుక దక్కుతుంది.

ఈ శ్రమంతా గిట్టుబాటేనా అంటే, దానికి ఊరూరా ఒక జవాబు ఉండదు. మీ ఇంట్లోనే తేల్చుకోండి. ఒక గది గోడలో కొంత భాగం దించి, ఒక మనిషి చేత ఒక రోజంతా శుభ్రం చేయించి, సాయంత్రం నిండు ఇటుకలు ఎన్నయ్యాయో లెక్కపెట్టండి. కూలిని ఆ లెక్కతో భాగించండి. బట్టీ నుంచి మీ వాకిట్లో దిగే కొత్త ఇటుక ధరలో మూడింట రెండు వంతుల లోపు పడితే గోడకి వాడండి. అంతకు మించితే ముక్కలుగా కొట్టి నేల కిందకి, డాబా మీద నీటివాలు పోతకి వాడండి. రెండిట్లో ఏదైనా నష్టం లేదు.

వీటన్నిటినీ పెట్టవలసిన చోటు కాంక్రీటు స్తంభాల మధ్య గోడలు, గదుల మధ్య అడ్డుగోడలు, ప్రహరీ. పునాదిలోనూ, నేలమట్టం కిందా పెట్టకండి. అక్కడికి మీ పాత పునాది రాళ్ళే ఉన్నాయి కదా. రాయికి ముసలితనం లేదు, మట్టి కడిగి మళ్ళీ పేర్చుకోవడమే. డాబా పిట్టగోడకి కూడా పాత ఇటుక వద్దు. గాలి నేరుగా తగిలే చోటు అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లా మీదుగా వెళ్ళిన తీరు మీరే చూశారు, దాని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

బెంగుళూరు పెంకులకి నాకు తెలిసి అన్నిటికన్నా మంచి ఉద్యోగం స్లాబులో ఉంది. స్లాబు మందంలో కింది సగం కాంక్రీటు నిజానికి పెద్దగా బరువు మోయదు, అక్కడ లాగుడంతా ఇనప చువ్వలే భరిస్తాయి. ఆ కాంక్రీటులో కొంత తీసేసి, చువ్వల గళ్ళ మధ్య పెంకులు పేర్చి పైన పోత పోస్తే దాన్ని ఫిల్లర్ స్లాబు అంటారు. తిరువనంతపురంలో ఉండి వేలాది ఇళ్ళు చవగ్గా కట్టిన లారీ బేకర్ ఈ పద్ధతిని ఊరూరా చేసి చూపించారు. పాత కిటికీలు, పగిలిన పెంకులు, పారేసిన గాజు, ఏదీ ఆయన చేతిలో చెత్త అయ్యేది కాదు. రెండు పెంకులు ఎదురెదురుగా మూతలా పెడితే మధ్యలో గాలి నిలిచి ఎండాకాలం గది కాస్త చల్లగా కూడా ఉంటుంది. కిందినుంచి చూస్తే ఎర్రటి పెంకుల వరసలు కనిపిస్తాయి, సున్నం పూయక్కర్లేదు. సిమెంటు ఆదా అవుతుందన్నది గ్రీన్ లెక్కలో చిన్న విషయం కాదు. సిమెంటుకి ముడిసరుకైన క్లింకరు ఒక టన్ను కాల్చితే 800 కిలోల పైనే బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది.

కాకపోతే ఇది మేస్త్రీ సొంతంగా చేసే పని కాదు. పెంకు సుమారు 41 సెంటీమీటర్ల పొడవు, 24 వెడల్పు ఉంటుంది. చువ్వల దూరం ఆ కొలతని బట్టి ఇంజినీరు లెక్కగట్టాలి. మధ్యలో కాంక్రీటు పక్కటెముకలు సన్నబడకూడదు, గోడల అంచుల వెంబడి పెంకు లేకుండా నిండు పోత ఉండాలి, స్నానాలగది మీద అసలు వద్దు. పోతకి ముందు పెంకులు నీళ్ళలో నానాలి. చిట్లిన పెంకు కూడా దీనికి పనికొస్తుంది, ముక్కలై రాలిపోయేది తప్ప. మీ ఇంజినీరు ఇదివరకు ఎప్పుడూ చేయలేదంటే ముందు వరండా మీద ఒక చిన్న స్లాబు వేయించి చూడండి. అప్పటికీ ధైర్యం చేయకపోతే బలవంతం చేయకండి.

కలపకి వద్దాం. సాల్ దూలం మధ్యలో చూస్తే ఉక్కులా ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోకండి. చూడవలసింది గోడలో కూరుకున్న కొసలు. అడుగు పొడవునా గాలి ఆడని చోట చెమ్మ పట్టి, చెదలు ముందు అక్కడే చేరతాయి. దించాక మొనదేలిన స్క్రూడ్రైవరుతో కొసల్లో గట్టిగా పొడవండి. అంగుళం దిగిందంటే గట్టి చెక్క తగిలేదాకా కోసేయాలి. పన్నెండడుగుల దూలం పదడుగులవుతుంది. ప్లాను సరుకు తరవాత గీయాలని నేనన్నది ఇందుకే. సన్నటి పొడి రాలే చిన్న చిన్న బెజ్జాలు కనిపిస్తే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు, అది మిగతా కలపతో కలపకండి. కోత మిల్లుకి పంపే ముందు ప్రతి మేకూ తీయించాలి. ఒక్క మేకు రంపానికి తగిలినా మిల్లువాడు మిగతాది కోయనంటాడు, అది న్యాయమే. ఏళ్ళ తరబడి ఎండిన సాల్ చెక్కలోకి మేకు దిగదు, ముందు బెజ్జం వేసుకోవాలని వడ్రంగికి చెప్పండి. లోపల వాడే చెక్కకి బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు పట్టిస్తే పురుగుకి మంచి మందు. వానకి తడిసే చోట ఆ మందు కడుక్కుపోతుంది.

టేకు స్తంభాలు రెండూ వీధి వరండాకే అందం. పాత ఇళ్ళలో స్తంభాన్ని రాతి పీఠం మీద ఊరికే నిలబెట్టేవారు, పైనున్న పెంకుల బరువే దాన్ని కదలకుండా పట్టి ఉంచేది. ఇప్పుడు వరండా మీద తేలిక రేకులు వేస్తే ఆ బరువు ఉండదు, తుపాను గాలి కప్పునీ స్తంభాన్నీ కలిపి పైకి లాగుతుంది. కింద పీఠంలో ఇనప పట్టీ పాతించి స్తంభానికి బోల్టులు, పైన దూలానికీ స్తంభానికీ కలిపి పట్టీలు తప్పనిసరి. ఈ పట్టీలు కొత్తవే కొనండి.

మామగారి మాట వినండి, ఈ మొత్తంలో అందరికన్నా సరిగ్గా మాట్లాడింది ఆయనే. పాత వీధి తలుపుని పోలినది ఇప్పుడు చేయించాలంటే కలప దొరకదు, దొరికినా ఆ ధర మీరు పెట్టలేరు. ఆ జేసీబీ ఆయన కన్ను కూడా దాని మీదే ఉంటుంది. అయితే ద్వారబంధం లోపలి ఎత్తు ఇప్పుడే టేపు పెట్టి కొలవండి. ఆనాటి గుమ్మాలు అయిదున్నర అడుగులే ఉండేవి, వంగి లోపలికి వెళ్ళేవాళ్ళం. మీ ఇంట్లో ఆరడుగుల కుర్రాడు ఉంటే రోజుకోసారి నుదురు కొట్టుకుంటాడు. బంధాన్ని రాతి గడప దిమ్మె మీద ఎత్తి నిలబెడితే రెండు పనులు అవుతాయి. అడుగున చివికిన భాగం కోసేయడానికి వీలవుతుంది, ఎత్తూ కలిసొస్తుంది. పైన మిగిలే ఖాళీలో ఊచల కిటికీ ఒకటి గాలికోసం అడ్డంగా పెట్టించుకోవచ్చు. మరీ పొట్టి తలుపులు దేవుడి గదికి, సామాన్ల గదికి పెట్టండి. మామగారు కోరుకున్న గడప అలాగే ఉంటుంది.

పిల్లలున్నారన్నారు కాబట్టి ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. పాత తలుపుల మీద పొరలు పొరలుగా ఉన్న రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఆ రంగుని పొడిగా గరుకు కాగితంతో రుద్దినా, మంట పెట్టి ఊడదీసినా సీసం గాలిలోకి, పిల్లల చేతుల్లోకి చేరుతుంది. వడ్రంగి చేత నీళ్ళు చల్లుతూ గీకించండి, కింద ప్లాస్టిక్ పట్టా పరిపించి రాలినదంతా మూటగట్టించండి. ఆ పని జరిగే రోజులు పిల్లల్ని ఆ ఛాయలకి రానివ్వకండి.

మరిదిగారికి నా తరఫున ఒకటి చెప్పండి. పాత చువ్వలు మళ్ళీ కొత్త స్లాబులో వేయడం గ్రీన్ కాదు, తెలివి తక్కువ. తుప్పు తినేసిన చువ్వ లావు ఎంత మిగిలిందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కాంక్రీటు పగలగొట్టి లాగినప్పుడు వంగుతుంది, దాన్ని సుత్తితో సాగదీస్తే వంపు దగ్గర కంటికి కనిపించని చీలికలు వస్తాయి. 1985 నాటి స్లాబు అంటే అందులో మెలి తిప్పిన టార్ స్టీలు ఉండొచ్చు, అది ఇంకా పెళుసు. ఇనుముకి ఉన్న గొప్పతనం ఏమిటంటే పాత ఇనప సామాన్ల కొట్టుకి అమ్మితే అది కొలిమికి పోయి మళ్ళీ పూర్తి బలంతో చువ్వ అయి వస్తుంది. అమ్మడమే దాన్ని తిరిగి వాడడం. కిటికీ ఊచల సంగతి వేరు, వాటి మీద బరువేం లేదు, తుప్పు గీకి రంగేసి అదే కిటికీలో ఉంచుకోండి.

వంటింటి స్లాబు కాంక్రీటుని కంకరగా కొట్టించి నేల కింద పరుపు కాంక్రీటుకి వాడుకోవచ్చు. ఇది నా సొంత కవిత్వం కాదు. కంకర గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383 2016 సవరణలోనే పాత కాంక్రీటు కంకరకి చోటిచ్చింది. ఎం15 (ఎం పక్కన అంకె కాంక్రీటు బలానికి గుర్తు) కన్నా తక్కువ బలం ఉన్న నేలపరుపు కాంక్రీటులో మొత్తం అదే వేయొచ్చు, ఇనుము లేని కాంక్రీటులో నూటికి 25 వంతులు, ఇనుము వేసినదైతే ఎం25 వరకే నూటికి 20 వంతులు. మీ చిన్న ఇంటికి పరుపు వరకే పెట్టుకోండి, స్తంభాల్లోకి వద్దు. మట్టి, సున్నం పెచ్చులు అందులో కలవకుండా చూడాలి. గోడల మట్టి గదుల కింద పూడికకి భేషుగ్గా పనికొస్తుంది, జల్లించి కర్రముక్కలు ఏరేయండి. నేల కింద పాతిన ప్రతి కర్రముక్కా చెదలకి ఇచ్చిన ఆహ్వానపత్రం.

అసలు వాడకూడనివి ఉన్నాయి. ఆస్‌బెస్టాస్ రేకులు మన దేశంలో ఇప్పటికీ అమ్ముతున్నారు గానీ, ఆస్‌బెస్టాస్ ఏ రకమైనా కేన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. వాటిని పగలగొట్టొద్దు, కోయొద్దు. నీళ్ళతో తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగానే దించి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టించి, ఎక్కడ వేయాలో మునిసిపాలిటీని అడగండి. ఎవరికో పశువుల పాకకి ఇచ్చేస్తే పుణ్యం అనుకోకండి. పాత కరెంటు వైర్లు, స్విచ్చులు, నీళ్ళ గొట్టాలు తూకానికి అమ్మేయండి. పాత ఫ్లష్ ట్యాంకు బాగానే ఉన్నా తీసేయండి, ఒక్కసారికి పది లీటర్లు పోసేదాన్ని ఉంచుకుని ఇల్లు గ్రీన్ అనుకోవడంలో అర్థం లేదు. మూడు, ఆరు లీటర్ల రెండు మీటల రకం పెట్టించండి.

సర్టిఫికెట్ల సంగతి. మన దేశంలో ముఖ్యంగా రెండున్నాయి. హైదరాబాదు కేంద్రంగా 2001 నుంచి ఉన్న ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) ఇచ్చేది ఒకటి, 'గృహ' (GRIHA) అనే రేటింగు రెండోది. నీళ్ళు, కరెంటు, గాలి వెలుతురు, వాడిన సామగ్రి, అన్నీ చూసి మార్కులు వేస్తారు. పాత సామాను అందులో ఒక చిన్న భాగం మాత్రమే. రుసుములు, కాగితాలు, సలహాదారు ఖర్చు కలిపితే ఒక కుటుంబం ఉండే ఇంటికి అది అలంకారమే. ఆ డబ్బుతో వాననీటి గుంట తవ్వించుకోండి. ఇక పడగొట్టిన రద్దుని పారేయడం గురించిన చట్టం. 2016 నియమాల్లో రోజుకి 20 టన్నులు, లేదా నెలకి 300 టన్నులు గానీ అంతకు మించి గానీ రద్దు వచ్చే పనులకి దాన్ని రకాల వారీగా వేరుచేసే ప్రణాళిక ఇవ్వాలని ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకి పెట్టిన కొత్త నియమాల బరువు ముఖ్యంగా 20,000 చదరపు మీటర్లు, ఆ పైన ఉన్న పెద్ద కట్టడాల మీద. మీది అంత పెద్ద పని కాదు. కానీ మహేంద్రతనయ నది గట్టునో, వీధి కాలవలోనో పోయడం ఎప్పుడూ తప్పే, ట్రాక్టరువాడికి ఆ మాట ముందే గట్టిగా చెప్పండి.

సంక్రాంతి వెళ్ళాక విప్పడం మొదలుపెడితే ఇటుక ఎండడానికి, కలప ఆరడానికి వేసవి దొరుకుతుంది. ఇటుకని నేల మీద కాకుండా రాళ్ళ మీద వరసలు పేర్పించండి. కలపని నీడలో, ఒక్కో వరసకీ మధ్య సన్న రీపరు వేసి బల్లపరుపుగా ఉంచండి, గోడకి ఆనిస్తే వంకర తిరుగుతుంది. తలుపు, దాని బంధం, దాని గొళ్ళెం, మూడింటి మీదా ఒకే నంబరు సుద్దతో కాదు, రంగుతో వేయించండి. రాత్రిపూట కాపలా మనిషి లేకపోతే మొదట మాయమయ్యేవి ఇత్తడి గొళ్ళేలే, వాటిని ఇంట్లోకి తెచ్చేసుకోండి. బ్యాంకు అప్పు తీసుకుంటుంటే, ఏ గోడకి ఏ సరుకు వాడుతున్నారో ఇంజినీరు సంతకంతో ఒక పట్టీ ముందే ఇవ్వండి, లేకపోతే పరిశీలనకి వచ్చినాయన పాత ఇటుక చూసి కొర్రీ వేస్తాడు.

మీ ఆడపడుచు అడిగిన దూలాలు ఇవ్వచ్చు, పుట్టింటి దూలం మీద ఆమెకీ హక్కుంది. పాతపట్నం మీకు కూతవేటు దూరమే, కానీ మధ్యలో రాష్ట్రం మారుతుంది. ఒడిశాలో కలప రవాణాకి 1980 నాటి నియమాలున్నాయి, ఆంధ్రా వైపు వాళ్ళ నియమాలు వాళ్ళకున్నాయి. చెక్‌పోస్టులో సాల్ దుంగ కనిపిస్తే అది మీ తాతల నాటిదో, నిన్న అడవిలో కొట్టిందో బండి ఆపినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? దూలాలు ఇంకా గోడల్లో ఉండగానే ఫోటోలు తీయించండి. ఇంటి పన్ను రసీదు, పడగొట్టడానికి మునిసిపాలిటీ ఇచ్చిన అనుమతి, దూలాల కొలతలు పట్టుకుని మామగారిని తీసుకుని అటవీ రేంజి ఆఫీసుకి వెళ్ళి రవాణా అనుమతి గురించి అడగండి. ఆ కాగితం చేతికొచ్చాకే బండి మాట్లాడండి.